బల్ల మీద ఒక్క మిషన్

కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టు ఎక్కడని ఆ వీధిలో అడిగితే, "ఎవరు, అయిపోవచ్చింది గారి కొట్టా?" అని ఎదురు ప్రశ్న వేసి మరీ చూపించేవారు. ఆ బిరుదు మెకానిక్‌కు ఊరికే రాలేదు. మిషన్ ఇచ్చినవాళ్ళు వారానికి వచ్చి అడిగినా, నెలకు వచ్చి అడిగినా తల ఎత్తకుండా ఆయన చెప్పే జవాబు అదొక్కటే: "అయిపోవచ్చింది." స్నానాల గది తలుపు భార్య బయట నుంచి కొడితే లోపల్నుంచి కూడా అదే మాట వినపడేదని జనం చెప్పుకుని నవ్వుకునేవారు. పాపం, ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే అన్నీ అయిపోవచ్చేవి. అయ్యేవి కావు, అంతే.

పనితనానికి మాత్రం వంక పెట్టడానికి లేదు. మిషన్ చక్రాన్ని రెండు చుట్లు తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, "షటిల్ కింద దారప్పోగు ఇరుక్కుంది" అనో, "ఎవరో తలనూనె పోశారు, లోపలంతా జిగురైపోయింది" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే చెప్పింది చెప్పినట్టే ఉండేది. వేరే ఊళ్ళ దర్జీలు కూడా మిషన్లు బస్సు మీద వేసుకుని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారంటే ఊరికే వస్తారా? ఆయన దగ్గర లేనిదల్లా తీరికే.

కళ్ళజోళ్ళ కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ మధ్య ఇరుక్కున్న గది అది. నలుగురు నిలబడితే అయిదో మనిషి గుమ్మంలో ఉండిపోవాలి. మూడు గోడలకూ అరలు, అరల నిండా మిషన్లు. అక్షరాలా పదిహేడు. వాటిలో ఒక్కటీ మూసి ఉన్నది కాదు. దేని పైమూత దానికి లేదు, గుడ్డను ముందుకు జరిపే పళ్ళచట్రమూ దేనిది దానికి లేదు. వాటి స్క్రూలేమో టీ సాసర్లలో, బూట్‌పాలిష్ డబ్బా మూతల్లో, పిడి విరిగిన కప్పులో ఉండేవి. ఏ కప్పు ఏ మిషన్‌దో ఆయన తలలోనే లెక్క. ఆ తల మీద ఎంత భారం ఉందో ఆయన సగం తెల్లబడ్డ జుట్టు చెప్పేది.

ఈ విప్పిపెట్టడం వెనక ఒక కిటుకు ఉంది. దాన్ని నేర్పింది ఆయన తండ్రి.

"గిరాకీ ఎదురుగా ఉండగానే మిషన్ విప్పెయ్యాలిరా. ముందు విప్పు, తర్వాత మాట్లాడు. విప్పిన మిషన్‌ని పక్క కొట్టుకు ఎవడూ మోసుకెళ్ళడు" అనేవాడు పెద్దాయన. అంతటితో ఊరుకోలేదు. రోడ్డుకు అవతల ఎదురుగా ఇంకో మెకానిక్ కొట్టు పెట్టినప్పుడు, తనే వెళ్ళి అతనితో కూర్చుని టీ తాగి, ఒకరు విప్పిన మిషన్ ఇంకొకరు ముట్టుకోకూడదని కట్టుబాటు చేసి వచ్చాడు. గొడవలు రాకుండా ఉండటానికని పైకి చెప్పాడు. లోపల ఎత్తు వేరు. స్క్రూ ఒకసారి కదిలిందా, ఆ మిషన్‌తో పాటు దాని యజమాని కూడా కొట్టులో ఉండిపోయినట్టే.

పెద్దాయనకు అది చెల్లింది. ఆ రోజుల్లో వారానికి రెండో మూడో వచ్చేవి, విప్పినవి మూసేందుకు కావలసినంత పొద్దు ఉండేది. కొడుకు కాలానికి రోజుకే నాలుగు రావడం మొదలైంది. కిటుకు మాత్రం మారలేదు. పొద్దున తొమ్మిదింటికి నిన్నటి మిషన్ ముందేసుకుని కూర్చునేవాడు. సరిగ్గా షటిల్ బిగించబోతుంటే ఫోను మోగేది. "అయిపోవచ్చిందమ్మా" అని చెప్పి పెట్టేసరికి బిగించాల్సిన స్క్రూ ఎక్కడికో దొర్లిపోయేది. దాన్ని బల్ల కింద వెతుకుతూ ఉండగా గుమ్మంలో కొత్త గిరాకీ. అంతే, చేతిలోది అర మీదకు, కొత్తది బల్ల మీదకు. స్క్రూడ్రైవర్ తనంతట తనే తిరిగేది. సగం పొద్దు వెతుకులాటకు, మిగతా సగం జవాబులు చెప్పడానికి పోతే, పనికి మూడో సగం ఎక్కణ్ణుంచి వస్తుంది? సాయంత్రానికి నాలుగు విప్పి, ఒకటి మూసి, ఒళ్ళు హూనమై ఇల్లు చేరేవాడు. "ఈవేళ ఊపిరి సలపలేదు" అని గర్వంగానే చెప్పేవాడు. ఊపిరి సలపకపోతే వ్యాపారం బాగున్నట్టని ఆయన లెక్క.

ఆ అరల్లో అన్నిటికన్నా కింది అరలో, కిటికీ వెలుగు పడని మూల, ఒక నల్ల మిషన్ ఉండేది. అది ఆయన భార్యది.

పెళ్ళికి ముందే సొంత సంపాదనతో కొనుక్కున్న మిషన్ అది. దిండు గలేబులు, పిల్లల చొక్కాలు, చుట్టుపక్కలవాళ్ళ గౌన్లు, ఏవో ఒకటి కుడుతూనే ఉండేది. ఎనిమిది నెలల కిందట కుట్టు తప్పడం మొదలైంది. "మెకానిక్ ఇంట్లో ఉండగా నీకేం దిగులు?" అని ఆయన దాన్ని కొట్టుకు తీసుకెళ్ళి, వెళ్ళీ వెళ్ళగానే విప్పాడు. ఆ మర్నాడు ఎవరికో తొందరై, అడుగు దారం ఉండే బాబిన్ కేసు దీంట్లోంచి తీసి దాంట్లో వేసి పంపించాడు. రెండు రోజుల్లో కొత్తది తెచ్చి పెడదామనుకున్నాడు. తర్వాత బెల్టు వెళ్ళింది. ఆ తర్వాత గుడ్డను నొక్కిపట్టే పాదం, పాదంతో పాటు దాని స్క్రూ. అరిచేవాళ్ళకీ, గుమ్మంలో నిలబడి గొడవపడేవాళ్ళకీ ముందు ఇవ్వాలి కదా. భార్య అరవదు. పైగా ఎక్కడికి పోతుంది?

ఒక సోమవారం ఆవిడ అన్నం వడ్డిస్తూ చెప్పింది. "సంచుల కార్ఖానా ఓనరమ్మ నన్ను అడిగిందండీ. ఇంటి దగ్గరే కుట్టివ్వాలట, ఏడాది పొడుగునా పని ఉంటుందట. ముందు ఆరు సంచులు కుట్టి చూపించమంది. వచ్చే సోమవారం సాయంత్రానికి అందాలి. దాటితే ఇంకొకావిడకి ఇచ్చేస్తానని ముందే చెప్పింది."

ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూసి ఆయనకూ సంతోషం వేసింది. "దానికేం! నీ మిషన్ అయిపోవచ్చింది" అన్నాడు.

ఆవిడ గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆయన్ని చూసింది. మంగళవారం అడిగింది, అదే జవాబు. బుధవారం అడిగింది. గురువారం అడగలేదు.

శుక్రవారం పదిన్నరకు తనే కొట్టుకు వచ్చింది, చేతిలో సంతబుట్టతో. ఆయన అప్పుడు ఒక జాకెట్ల టైలరమ్మకు జవాబు చెప్పుకుంటున్నాడు. భార్య ఎవరితోనూ మాట్లాడకుండా వంగి కింది అరలోంచి తన మిషన్‌ను బయటికి లాగింది. పాదం లేదు, బెల్టు లేదు. అడుగున వేలు పెట్టి చూసింది, బాబిన్ కేసు ఉండాల్సిన చోట ఖాళీ. అంత బరువైన మిషన్ చేతికి ఎందుకు తేలిగ్గా అనిపించిందో ఆవిడకు తెలియదు. దాన్ని బుట్టలో పెట్టుకుంది.

"ఏయ్, ఎక్కడికి?" అన్నాడు ఆయన.

"మెకానిక్ దగ్గరికి" అంది ఆవిడ.

రోడ్డు దాటి నేరుగా ఎదురు కొట్టులోకి వెళ్ళింది. కళ్ళజోళ్ళ కొట్టాయన తుడుస్తున్న అద్దం తుడవడం ఆపాడు. జిరాక్సు అమ్మాయి మిషన్ మీంచి కాగితం తీయకుండా అలాగే చూస్తోంది. టైలరమ్మ మాత్రం, "ఏమండోయ్, మీ ఆవిడే వెళ్ళిపోతోంది, ఇక మేమెందుకుండాలి?" అని నవ్వేసింది. మెకానిక్‌కు తల కొట్టేసినట్టయింది.

ఎదురు కొట్టు మెకానిక్ వయసులో చిన్నవాడు. ఈయన్ని అన్నా అంటాడు, ఆవిడను వదినా అంటాడు. బుట్టలోకి తొంగి చూసి, నూనె చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అతను గొంతు పెద్దగా మాట్లాడే మనిషి, మాటలు ఇటువైపుకు స్పష్టంగా వినపడ్డాయి.

"వదినా, నన్ను ఇరకాటంలో పెట్టకు. ఒకరు విప్పింది మేం ముట్టుకోం. ఇవాళ్టి మాటా ఇది? మీ మావగారు మా నాన్న దగ్గర మాట తీసుకున్నారు."

"మావయ్యగారు కోడలి మిషన్‌కి కూడా కలిపి తీసుకున్నారా ఆ మాట?"

"అందరికీనూ" అన్నాడతను దీనంగా.

ఆవిడ బుట్ట ఎత్తుకుని మళ్ళీ రోడ్డు దాటింది. టైలరమ్మ పక్కకు జరిగింది. బుట్టను బల్ల మీద పెట్టి, గిరాకీలు కూర్చునే స్టూలు లాక్కుని కూర్చుంది.

"మావయ్యగారి కిటుకు బాగా పనిచేస్తోందండీ" అంది. గొంతులో కోపం లేదు, అదే ఆయనకు ఎక్కువ బాధ అనిపించింది. "నేను ఎక్కడికీ పోలేను. మూడు రోజులుంది. ఇక్కడే కూర్చుంటాను."

ఆయనకు సిగ్గేసింది. అరల వంక చూశాడు. బల్ల మీదిదీ కలిపి పదిహేడు మిషన్లు. ఇన్నేళ్ళూ వాటిని చూసినప్పుడల్లా ఇన్ని ఉన్నాయని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు మాత్రం పదిహేడుగురు మనుషులు అదే స్టూలు మీద కూర్చుని ఎటూ పోలేక తననే చూస్తున్నట్టనిపించింది. అందరూ తను మంచి పనివాడని నమ్మి వచ్చినవాళ్ళే. తను వాళ్ళను పట్టి ఉంచుకున్నాడు, పని చేసి కాదు, విప్పి.

టైలరమ్మ రేపు వస్తానని మెల్లగా జారుకుంది. ఆయన భార్య మిషన్‌ను ముందుకు లాక్కున్నాడు.

రెండు నిమిషాలైనా కాలేదు, ఫోను మోగింది. చెయ్యి అటు వెళ్ళేలోపు భార్య అందుకుంది. "మెకానిక్ గారు పనిలో ఉన్నారండీ. ఒంటి గంటకు చెయ్యండి, అప్పుడు మాట్లాడతారు." మళ్ళీ మోగింది, మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి మోగినప్పుడు ఆయన తల కూడా ఎత్తలేదు.

అసలు చిక్కు బాబిన్ కేసు దగ్గర వచ్చింది. కొత్తవి సొరుగులో ఉన్నాయి, కానీ ఈ పాత మోడల్‌లో అవి తిన్నగా కూర్చోవు. అంచును కొద్దికొద్దిగా ఆకురాయి పట్టి, పెట్టి చూసి, తీసి, మళ్ళీ అరగదీయాలి. ఎంతో ఓపిగ్గా చేయాల్సిన పని. ఎనిమిది నెలలుగా ఆయన వాయిదా వేస్తున్నది ఈ పనినే. ఎప్పుడు గుర్తొచ్చినా, ఇంత పెద్ద పనికి తీరికెక్కడిది అనుకునేవాడు. ఆకురాయి అందుకుంటూ గోడ గడియారం చూశాడు, పదకొండుకు పది నిమిషాలు.

మధ్యలో గుమ్మం చీకటైంది. పరదాలు కుట్టే ఆయన, భుజం మీద మిషన్‌తో. ఈ కొట్టుకు పదిహేనేళ్ళుగా వచ్చే మనిషి. మెకానిక్ చేతిలో ఆకురాయి ఆగింది. రెండో చెయ్యి అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ మీదకు పోయింది. భార్య ఆ స్క్రూడ్రైవర్‌ను తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, మిషన్ నడుస్తోందా, ఆగిపోయిందా?"

"నడుస్తోందమ్మా. కుట్టు వదులుగా పడుతోంది."

"అయితే ఇంటికి తీసుకెళ్ళి నడుపుకోండి. బుధవారం పదింటికి తీసుకురండి. ఆ పూట మీదొక్కటే విప్పుతారు. ఒంటి గంటకు పట్టుకెళ్ళొచ్చు."

మెకానిక్ భార్య వంక చూశాడు. మూసి ఉన్న మిషన్‌ను, అదీ గిరాకీ భుజం మీదే పెట్టి, ఎదురు కొట్టు కనపడుతుండగా పంపించెయ్యడమా! తండ్రి చూస్తే ఏమనేవాడు?

పరదాలాయన మాత్రం నోరు తెరిచాడు. "ఏమిటీ, అప్పటిదాకా మిషన్ నా దగ్గరే ఉంచుకోవచ్చా? ఈ మాట పదిహేనేళ్ళ కిందట చెప్పరేం! ఇక్కడ ఇచ్చినప్పుడల్లా నెల రోజులు మా బావమరిది మిషన్ అడుక్కుంటున్నాను. వాడికీ నాకూ మాటల్లేకుండా పోయాయి."

మిషన్‌ను భుజం మీదకు సర్దుకుని వెళ్ళిపోయాడు. రోడ్డు దాటి, ఎదురు కొట్టు ముందు ఒక్క నిమిషం ఆగాడు. లోపలి అతను ఏదో పలకరించాడు, ఈయన ఏదో చెప్పాడు. ఆ నిమిషమంతా మెకానిక్ అటే చూశాడు. పరదాలాయన తల ఊపి తన దారిన తాను పోయాడు.

"ఆకురాయి" అని గుర్తుచేసింది భార్య.

బాబిన్ కేసు సరిగ్గా కూర్చుని, టిక్కుమని పట్టుకునేసరికి గడియారం పన్నెండు నలభై చూపించింది. గంటా యాభై నిమిషాలు. ఆయన వేళ్ళ మీద రెండుసార్లు లెక్క వేసుకున్నాడు. గంటా యాభై నిమిషాల పని కోసం ఎనిమిది నెలలు ఈవిడ మిషన్‌ను చీకట్లో పడేశాడు.

"ఇంతేనా?" అన్నాడు, తనలో తను అనుకున్నట్టుగా.

"ఇంతే అని నాకేం తెలుసు? మీరు చెప్పాలి" అంది ఆవిడ, అన్నం డబ్బా మూత తీస్తూ. ఆ రోజు ఆయన ఎన్నాళ్ళకో వేడిగా ఉండగానే తిన్నాడు.

బెల్టు, పాదం, పళ్ళు సరిచేసి, నూనె వేసి, నాలుగు గంటలకు పైమూత బిగించాడు. ఆవిడ ఊరుకోలేదు. ముతక గుడ్డ పీలిక తెచ్చుకుంది బుట్టలో. సూదిలో దారం ఎక్కించి, ఒక వరస కుట్టి, తిరగేసి అడుగు కుట్టు చూసింది. ఏ గిరాకీ కూడా ఆయన పనిని అంత నిదానంగా చూసింది లేదు. పరీక్ష రాసినవాడిలా నిలబడ్డాడు పాపం.

"బాగుంది" అంది చివరికి. ఆ ఒక్క మాటకి ఆయన ముఖం చూడాలి!

ఆరు సంచులూ సోమవారం మధ్యాహ్నానికే తయారయ్యాయి. ఓనరమ్మ పిడుల దగ్గర పట్టుకుని గట్టిగా లాగి చూసి, ఇంకో నలభై సంచుల గుడ్డ అక్కడికక్కడే చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం ఇంట్లో మిషన్ చప్పుడు వింటూ మెకానిక్ కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాడు. చప్పుడును బట్టి రోగం చెప్పే మనిషి కదా, ఎంత విన్నా రోగమేమీ కనపడలేదు.

బుధవారం పదింటికి ఆయన బల్ల ఖాళీ చేసి కూర్చున్నాడు. ఖాళీ బల్ల ముందు కూర్చోవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగి అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పది దాటి అయిదు నిమిషాలైంది. ఎదురు కొట్టు వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. పది దాటి పది నిమిషాలకు పరదాలాయన చెమటలు కక్కుతూ వచ్చాడు, భుజం మీద తన మిషన్, వెనక బావమరిది, వాడి భుజం మీద ఇంకో మిషన్. "వీడికి కూడా ఏదో ఒక రోజు రాసివ్వండి" అన్నాడు.

ఆ రోజే జిరాక్సు కొట్టులో రోజులూ గంటలూ గీసిన కాగితం తీయించి గోడకు అంటించాడు. పూటకు ఒక మిషన్, అంతే. ఫోను ఒంటి గంటకు అరగంట. స్క్రూలకు ఇంట్లో మూలన పడి ఉన్న పాత డబ్బాలన్నీ తెచ్చాడు, విప్పిన మిషన్‌కు ఒక డబ్బా, మూత మీద ఆ గిరాకీ పేరు. అరల మీదవి రోజుకొకటి చొప్పున మూస్తూ వచ్చాడు. అన్నీ కావడానికి మూడు వారాలు పట్టింది. చివరి మిషన్ వెళ్ళిన రోజు అరలు కడిగి, ఖాళీ గోడలు చూసి కాస్త భయపడ్డాడు కూడా. ఇప్పటికీ ఎవరైనా చిన్న వ్యాపారి వచ్చి, ఇంత పని ఇంత తీరిగ్గా ఎలా చేస్తున్నారని అడిగితే, పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వడు. "ఒకటి మూసేదాకా ఇంకొకటి విప్పకండి. మీ ఇంట్లోవాళ్ళ పని అందరికన్నా ఆఖర్న పెట్టకండి" అంటాడు. రెండో మాట ఎందుకన్నాడో వాళ్ళకు అర్థం కాదు. అడిగినవాళ్ళకు చెబుతాడు, కొంచెం సిగ్గుపడుతూనే.

ఇంకో పని కూడా చేశాడు. ఒక మధ్యాహ్నం రోడ్డు దాటి ఎదురు కొట్టుకు వెళ్ళాడు. అతనితో కూర్చుని టీ తాగి, "తమ్ముడూ, మా నాన్న పెట్టిన కట్టుబాటు ఎత్తేద్దాం. నేను విప్పినదైనా సరే, ఎవరైనా నీ దగ్గరికి తెస్తే తీసుకో" అన్నాడు.

"నీ గిరాకీలు నా దగ్గరికి వచ్చేస్తే?" అన్నాడతను.

"వస్తే రానీ. నేనేం తాళం వేసి కూర్చోలేదుగా."

ఏడాది తిరిగింది. సంచుల పని పెరిగి, భార్య మిషన్‌కు శుభ్రం చేయాల్సిన అవసరం వచ్చింది. "తెచ్చి పెట్టేస్తాను" అని ఆయన ఇంట్లోనే అందుకోబోతే, ఆవిడ ఒప్పుకోలేదు. "గోడ మీద కాగితంలో రాయండి. నేనే వస్తాను" అంది. సోమవారం పది గంటలకు రాశాడు.

ఆ సోమవారం తొమ్మిదిన్నరకే బల్ల తుడిచాడు. స్టూలు కూడా తుడిచాడు. పదికి రెండు నిమిషాలుండగా వీధి మొదట్లో ఆవిడ కనిపించింది, అదే సంతబుట్టతో, కానీ రోడ్డుకు అవతలి పక్కన నడుస్తూ. ఎదురు కొట్టు ముందుకొచ్చి ఆగింది. లోపలికి తొంగి చూసి ఏదో అడిగింది. అతను నవ్వుతూ ఏదో చెప్పాడు. మెకానిక్ బల్ల వెనక లేచి నిలబడ్డాడు. ఇప్పుడు ఆ మిషన్ మూసి ఉంది. అది విప్పి ఉన్నా అతను తీసుకుంటాడు. ఆవిడను ఆపేది ఈ వీధిలో ఏదీ లేదు.

ఆవిడ అటూ ఇటూ చూసి రోడ్డు దాటింది. బుట్ట బల్ల మీద పెట్టింది.

"అక్కడెందుకు ఆగావు?" అన్నాడు ఆయన.

"ఎన్నింటికి ఇస్తావని అడిగాను. ఒంటి గంటకు ఇస్తానన్నాడు. మీరెన్నింటికి ఇస్తారు?"

ఆయన గడియారం చూశాడు. "పన్నెండున్నరకి."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.